పడవ రంగు

పెద్దిరాజు గారికి ఏ కర్రా నచ్చడం లేదు. రాజమండ్రి అడితిలో దుంగల మధ్య తిరిగి తిరిగి ఆయన తెల్లచెప్పులు ఎర్రబడ్డాయి. టేకు చూపిస్తే "అందరి ఇళ్ళల్లోనూ ఇదేగా" అంటారు, మద్ది చూపిస్తే "ఇదేంటయ్యా, బొగ్గులాగుంది" అంటారు. అడితివాడు మాత్రం ఓపిగ్గా నవ్వుతూనే ఉన్నాడు. ఆయనకి రొయ్యల చెరువులు ఏ మేరకున్నాయో ఆ అడితివాడికి బాగా తెలుసు మరి.

కట్టబోయేది ఇల్లు కాదు, గుర్రపు ట్రైలరు. కారు వెనక తగిలించుకుని లాక్కెళ్ళేది. వెనక సగంలో గుర్రం నిలబడుతుంది, ముందు సగంలో గుర్రం గలాయన పడుకుంటాడు. ఆ ముందు గదిలో మంచం, సింకు, చిన్న ఫ్రిజ్జు, ఏసీ. రెంటికీ మధ్య గోడలో అద్దం కిటికీ, మంచం మీద వాలి గుర్రాన్ని చూసుకోవడానికి. ఇలాంటిది పెద్దిరాజు గారు ఫోన్లో ఎక్కడో చూశారు. చూసిందే తడవుగా రావులపాలెం హైవే పక్కన శివరామకృష్ణ షెడ్డుకి వచ్చి, లారీలకి బాడీలు కట్టుకునే ఆ మనిషి ముందు ఫోను పెట్టి "ఇలాగే కావాలి" అన్నారు. డబ్బున్నవాళ్ళకి ముచ్చట పుడితే కొండమీది కోతైనా దిగిరావాల్సిందే. ఇనప పని శివరామకృష్ణ దగ్గరుండి చేయించాడు. లోపలి కర్రపని బుల్లియ్య నెత్తిన పడింది.

బుల్లియ్య లారీల మనిషి కాడు, అంతర్వేది దగ్గర పడవలు కట్టిన వడ్రంగి. ఫైబరు పడవలొచ్చాక కర్ర పడవ అడిగే నాథుడు లేక ఈ షెడ్డులో చేరాడు. లారీ బాడీకి పలకలు పరిచి బోల్టులు బిగించడం కూడా ఒక పనేనా అని లోపల్లోపల కుతకుతలాడుతూ ఉంటాడు. అలాంటివాణ్ణి ఇవాళ పెద్దిరాజు గారు "నువ్వు రా మేస్త్రీ, కర్ర నువ్వే చెప్పాలి" అంటూ కార్లో ముందు సీటులో కూర్చోబెట్టుకుని తీసుకొచ్చారు. ఆ ముందు సీటు అతనికి కొంచెం తలకెక్కిందనే చెప్పాలి.

వెనక సీటులో వచ్చినవాడు ఎజ్రా. కొవ్వూరు అవతల పల్లె అతనిది, పాతికేళ్ళుంటాయి. మాణిక్యం అనే ఆ ఆడగుర్రానికి దాణా పెట్టడం, తోమడం, నడిపించడం అన్నీ అతనే. గుర్రం గుడ్డిదైనా దాణాకి లోటుండదంటారు. మాణిక్యం గుడ్డిది కూడా కాదాయె, రాజస్థాన్ నుంచి ఏరికోరి తెచ్చుకున్న మార్వాడీ జాతిది. దాని భోగం గురించి చెప్పేదేముంది.

"అయ్యగారూ," అన్నాడు ఎజ్రా, దుంగల వెనకనుంచి రెండడుగులు ముందుకొచ్చి. "మాణిక్యం చెక్క కొరుకుద్దండి. నిలబడి నిలబడి విసుగొచ్చిందంటే తొట్టి అంచు పళ్ళతో పట్టుకుని నములుతానే ఉంటదండి. ఏ కర్రేసినా పర్లేదుగానండి, అంచులకి ఇనప రేకు వేయిస్తే..."

"నా బండిని జైలు చేద్దామంటావేంట్రా?" అన్నారు పెద్దిరాజు గారు.

అడితివాడు నవ్వాడు. బుల్లియ్యా నవ్వాడు. అతను నవ్వాల్సిన అవసరం ఏమీ లేదు, కానీ ముందు సీటులో వచ్చాడు కదా. "గుర్రం తోముకునేవాడికి కర్ర గొడవెందుకురా?" అన్నాడు.

"అదీ నిజమేలెండి," అని ఎజ్రా మళ్ళీ వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు.

బుల్లియ్య అప్పుడు తన పద్ధతిలో కర్ర ఎంచడం మొదలుపెట్టాడు. దుంగ చివర ఉలితో చిన్న పెచ్చు లేపుతాడు. ఉమ్మి తడి చేసి బొటనవేలితో రుద్దుతాడు, వాసన చూస్తాడు. తర్వాత దుంగకి చెవి ఆనించి రెండో కొసన కొట్టమంటాడు. లోపల పగులుంటే చప్పుడు బొంగురుపోతుంది. అడితి వెనక గోడవారగా, ఎవరూ పట్టించుకోకుండా పడివున్న పలకల దగ్గర ఆగి, ఒకదాన్ని రెండు చేతులా ఎత్తి వెలుతురులోకి తెచ్చాడు.

"పనసండి. పురుగు ముట్టదు. నీళ్ళకి భయపడదు. రేఖ చూడండి, ఎంత దగ్గరగా ఉందో."

పెద్దిరాజు గారు చూశారు. నచ్చింది. పలక నచ్చిందిగానీ దాని రంగు నచ్చలేదు, పసుపు ముద్దలాగుందన్నారు. "సరే, కర్ర ఇదే. నా గదికీ ఇదే, మాణిక్యం గదికీ ఇదే. రంగు సంగతి చూద్దాం."

తిరుగు ప్రయాణంలో జొన్నాడ బ్రిడ్జి మీద ఆయనే కారు ఆపించారు. కింద ఇసుకలో ఎవరిదో పాత నాటుపడవ బోర్లా పడుంది. దాని వీపు ఎండలో ముదురు తేనెరంగులో మెరుస్తోంది.

"అదీ! ఆ రంగు తేగలవా మేస్త్రీ?"

బుల్లియ్యకి గుండె నిండిపోయింది. ఈ షెడ్డుకి వచ్చిన దగ్గర్నుంచీ తన పని తనని అడిగినవాడు లేడు. "అది పాలిష్ కాదండి, పడవ రంగు. మావాళ్ళ నూనె ఒకటుంది. పెట్టిస్తే మీ బండి పదేళ్ళయినా చెక్కు చెదరదండి."

ఏం నూనె అని ఆయన అడగలేదు, ఇతను చెప్పలేదు.

ఆ నూనె మోరిలో దొరుకుతుంది. జీడిపిక్కలు కొట్టే షెడ్లున్న ఊరది. పప్పు తీసేశాక మిగిలిన తొక్కల్ని గానుగాడితే నల్లటి చిక్కటి నూనె దిగుతుంది. తరతరాలుగా పడవలకి అదే. బుల్లియ్య భార్య లోవమ్మ అక్కడే ఒక షెడ్డులో పిక్కలు కొడుతుంది. చెప్పిపంపితే డబ్బా నింపుకుని తనే బస్సెక్కి తెచ్చి రావులపాలెంలో ఇచ్చి వెళ్ళింది. డబ్బా అందిస్తున్నప్పుడు ఆమె వేళ్ళు చూస్తే ఎవరైనా చూపు తిప్పుకోవాల్సిందే. కొసలు నల్లబడి, తోలు పొరలు పొరలుగా లేచి, గోళ్ళ పక్కన ఎర్రగా పచ్చి పుళ్ళు. బుల్లియ్య చూడలేదు. చూడకపోవడం కాదు, ముప్పై ఏళ్ళుగా చూస్తున్నదే కదా. జీడిషెడ్డులో పనిచేసే ఆడవాళ్ళందరి చేతులూ అంతే, దాన్నక్కడ ఎవరూ జబ్బనుకోరు. ఆముదం రాసుకుని, బూడిద అద్దుకుని మర్నాడు మళ్ళీ పనికి కూర్చుంటారు.

పలకలు కోసి, చిత్రిక పట్టి, ఒకదానంచు ఇంకోదానిలో కూర్చుతుంటే బుల్లియ్యకి ఆకలి తెలిసేది కాదు. పడవ కట్టేటప్పుడు రెండు పలకల మధ్య వెంట్రుక దూరకూడదు. ఇక్కడ నీళ్ళలోకి దిగేదేమీ లేదు, అయినా దూరనివ్వలేదు. ముందు పెద్దిరాజు గారి గది పూర్తిచేసి నూనె పట్టించాడు. కొబ్బరిపీచు ముంచి, రేఖ వెంట లాగి, ఎండ పొడ తగలనిచ్చి, మళ్ళీ లాగి. పసుపుపచ్చటి పనస చూస్తుండగానే తేనెరంగు తేలింది. షెడ్డులో వెల్డింగు చేసేవాళ్ళు కూడా గొట్టాలు కింద పెట్టి వచ్చి చూశారు.

ఎజ్రా మాణిక్యాన్ని తీసుకుని కొలతలకి వచ్చాడు. తలుపు ఎత్తు, గుర్రం మెడ తిప్పుకునే జాగా, అన్నీ సరిచూశాక దాన్ని చెట్టుకి కట్టేసి తను లోపలికెక్కాడు. గోడల వెంట, తొట్టి అంచు కింద మోచేతి లోపలి మెత్తటి చర్మం ఆనించి రాసుకుంటూ పోయాడు. పేడు ఎక్కడున్నా అక్కడ తగులుతుందట.

"ఇక్కడ కొంచెం గరుగ్గా ఉందండి మేస్త్రిగారూ. దాని మూతి ఇక్కడికే వత్తదండి."

బుల్లియ్య ఆ మాటకి విసుక్కోలేదు. పనిని పనిగా చూసేవాడి మీద అతనికి కోపం రాదు. మధ్యాహ్నం తన డబ్బాలో చేపలపులుసు సగం వేసిపెట్టాడు. తింటూ ఎజ్రా చెప్పాడు, భార్యకి నెలలు నిండాయనీ, తొలి కాన్పనీ.

"మరి సెలవడగకపోయావా?"

"అడిగానండి. గుర్రాల పోటీ ఉందంట, అదయ్యాక చూద్దామన్నారండి. మళ్ళీ అడిగితే చెంప మీద ఒకటిచ్చారండి." నవ్వుతూనే చెప్పాడు. "అయినా దాన్ని వదిలి నేనెళ్తే అది దాణా ముట్టదండి. అదో గోల."

ఆ సాయంత్రం అతను చెప్పిన చోటల్లా మళ్ళీ చిత్రిక పట్టి, గుర్రం గదికి అప్పుడు నూనె మొదలుపెట్టాడు బుల్లియ్య. రెండు దఫాలు పట్టించాడు. ఆ రెండోది ఇంకా తడిగా ఉన్నప్పుడు ఎజ్రా తల లోపలికి పెట్టి ముక్కు చిట్లించాడు.

"కళ్ళు మండుతున్నాయండి. ఏంటండీ వాసన?"

"పడవ వాసనరా. నీకేం తెలుసు."

పడవకైతే ఈ నూనె పట్టించాక ఒడ్డున బోర్లేసి వదిలేస్తారు. ఈగ వాలి లేచిపోగలిగేదాకా ఎండనిస్తారు. అంతవరకు చంటిపిల్లల్ని దాని దగ్గరికి కూడా రానివ్వరు. బుల్లియ్యకి ఇది తెలియక కాదు. కానీ మర్నాడు పొద్దున్నే పెద్దిరాజు గారు పంతులుగారిని వెంటేసుకుని దిగిపోయారు. ఆ వేళ దాటితే మళ్ళీ పది రోజుల వరకు మంచిది లేదట. పోటీ ఈలోపే ఉందట.

"ఇంకో నాలుగెండలు పడితే బాగుంటుందండి..." అన్నాడు బుల్లియ్య.

అనడమైతే అన్నాడు. ఎందుకో మాత్రం చెప్పలేదు. అప్పటికే పెద్దిరాజు గారు ముందు గదిలో గోడ నిమురుతూ "అబ్బబ్బా!" అంటున్నారు. ఎవరికో ఫోన్లో వీడియో చూపిస్తూ "ఇదిగో, మా బుల్లియ్య మేస్త్రి, ఈయన చెయ్యే!" అంటూ ఫోను ఇతని మొహం మీదికి తిప్పారు. ఫోన్లోంచి ఎవరో తమకీ ఒకటి కావాలన్నారు. శివరామకృష్ణ మొహం మతాబులా వెలిగింది. "ఇకనుంచి లోపలి పనులన్నీ నీవే బుల్లియ్యా, లారీల జోలికి పోనక్కర్లేదు," అన్నాడు చెవిలో. దారంతా ఎండేగా, ఆరేది అదే ఆరుతుందిలే అనుకున్నాడు బుల్లియ్య. కొబ్బరికాయ కొట్టారు. చక్రాల కింద నిమ్మకాయలు చిట్లాయి. ఎజ్రా మాణిక్యాన్ని పేరు పెట్టి బతిమాలుకుంటూ లోపలికెక్కించాడు.

శనివారం సాయంత్రం శివరామకృష్ణ ఫోను పట్టుకుని షెడ్డులోకి వచ్చాడు. "చూశావా ఘోరం," అన్నాడు.

ఫోటోలో మాణిక్యం మూతి. గుర్రం మూతి అని చెబితే తప్ప తెలియదు. పెదవులు రెండూ ఉబ్బి, పొక్కి, పొక్కులు చితికి లోపలి ఎర్రటి కండ కనిపిస్తోంది. నురగ కారుతోంది. పోటీ మాట దేవుడెరుగు, నీళ్ళు కూడా తాగడం లేదట. డాక్టరు చూసి, ఏదో ఘాటైన మందు నోట పడిందన్నాడట.

"ఆ ఎజ్రాగాడే. సెలవివ్వలేదని కడుపులో పెట్టుకుని దాణాలో ఏదో కలిపాడు. నోరులేని జీవాన్ని, చేతులెలా వచ్చాయో వెధవకి! చెరువు మీద మోటారు షెడ్డులో వేసి తాళం పెట్టారంట. నిజం కక్కిస్తారులే."

బుల్లియ్య ఆ ఫోటో వంక చాలాసేపు చూశాడు. "నా ఫోనుకి పంపండి ఒకసారి," అన్నాడు. ఎందుకని శివరామకృష్ణ అడిగితే చేతులు కడుక్కోవడానికి పోయాడు.

ఆదివారం ఇంటికెళ్ళాడు. లోవమ్మ అరుగు మీద కూర్చుని చేపలు తోముతోంది. ఫోను ఆమె మొహం ముందు పెట్టాడు. ఆమె చేతులు పైకెత్తి పట్టుకుని తల వంచి చూసింది.

"దీని మూతికి జీడి తగిలిందేంటి?" అంది వెంటనే. "పచ్చినూనె మీద నోరెట్టిందా ఏంటి పాపం?"

బుల్లియ్య అరుగు మీద ఆమె పక్కన కూర్చున్నాడు. ఎవరూ చెప్పకముందే తెలుసు అతనికి. ఇంకొకరి నోట రాకపోతే బాగుండునని ఆశ, అంతే. ఉన్నదంతా చెప్పాడు. ఎజ్రా సంగతి చెబుతుంటే ఆమె చేపలు తోమడం ఆపేసింది.

"మరి నువ్విక్కడికెందుకొచ్చావ్ మావా? అటెళ్ళాలిగా?"

"వెళ్ళి ఏం చెప్పమంటావే? నీ గుర్రం మూతి నేనే కాల్చానని చెప్పనా? షెడ్డులోంచి మెడబట్టి గెంటేస్తారు. మళ్ళీ ఈ ఒడ్డున కూర్చుని గవ్వలేరుకోవాలి."

"ఏరుకుందాం. ఇన్నాళ్ళూ ఏం తిన్నాం?"

"నీకేం తెలీదు, ఊరుకో."

"నాకా తెలీదు?" లోవమ్మకి కోపం వస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది. "మా షెడ్డులో రత్తమ్మ చెయ్యి చీము పట్టి మోచేతిదాకా వాచిపోతే బూడిద రాసుకోమన్నారు. మూడో రోజు రాకపోతే కూలి కోశారు. గుర్రం మూతి పొక్కితే డాక్టరొచ్చాడు, మనిషిని తాళమేసి కూర్చోబెట్టారు. ఆళ్ళ లెక్క అదిలే, ఆళ్ళననుకుని ఏం లాభం? నీ లెక్కేంటో చెప్పు. ఆ కుర్రోడి పెళ్ళాం నెలలు నిండిన మనిషని నువ్వేగా అన్నావ్?"

బుల్లియ్య అన్నం తినకుండా లేచి సముద్రం వైపు పోయి, చీకటి పడ్డాక తిరిగొచ్చాడు. లోవమ్మ మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. ఎత్తి ఉంటే బాగుండునని అతనికి తర్వాత చాలాసార్లు అనిపించింది.

సోమవారం పొద్దున ఇంట్లోంచి బయల్దేరింది చెరువుల దగ్గరికనే. బస్సులో కూర్చున్నాక, ముందు శివరామకృష్ణకి చెప్పి వెళ్ళడం మర్యాద కదా అనుకున్నాడు. మనిషికి భయం వేసినప్పుడే మర్యాదలన్నీ గుర్తొస్తాయి. షెడ్డుకి చేరేసరికి రెండో ట్రైలరుకి టేకు దిగి ఉంది. శివరామకృష్ణ ఎవరితోనో బేరంలో ఉన్నాడు. సరే, ఆయన ఖాళీ అయ్యేదాకా అని చిత్రిక అందుకున్నాడు. మధ్యాహ్నమైంది. చెప్పలేదు. డాక్టరు మందిస్తాడు, రెండ్రోజుల్లో గుర్రం మూతి మానుతుంది, అదే సర్దుకుంటుంది, వదిలేస్తారు అని తనకి తనే చెప్పుకున్నాడు. టేకు రజను కాళ్ళ చుట్టూ కుప్పబడింది. సాయంత్రమైంది. చెప్పలేదు. అలా రోజంతా పలకలు నునుపు చేస్తూ కూర్చున్నాడు, మహానుభావుడు.

మంగళవారం టీ తాగుతుండగా శివరామకృష్ణ అన్నాడు, "ఒప్పుకున్నాడంటయ్యా. ఎలకల మందు కలిపాడంట."

బుల్లియ్య గ్లాసు కింద పెట్టాడు. "ఎవరు ఒప్పుకుంది?"

"ఎజ్రాగాడు. ఇంకెవరు?"

"వాడు కలపలేదండి," అన్నాడు బుల్లియ్య. ఇక ఆగలేదు. నూనె సంగతి, తడి ఆరని సంగతి, లోవమ్మ ఫోటో చూసి అన్న మాట, అన్నీ వరసగా చెప్పేశాడు. శివరామకృష్ణ ముందు నవ్వబోయాడు. తర్వాత అటూ ఇటూ చూసి అతని జబ్బ పట్టుకుని గోడ చాటుకి లాక్కెళ్ళాడు. దుర్మార్గుడేం కాదు పాపం. పిరికివాడు.

"గట్టిగా అనకు. నీకు దణ్ణం పెడతాను. వాడే ఒప్పుకున్నాక నీకెందుకయ్యా మధ్యలో? ఇంతమంది ఈ షెడ్డు మీద బతుకుతున్నారు. పెద్దిరాజు గారికి కోపం వస్తే ఈ హైవే మీద మనకి ఒక్క బండి రానిస్తారా?"

బుల్లియ్య పనిసంచి భుజాన వేసుకున్నాడు. శివరామకృష్ణ వెనకనుంచి పిలుస్తూనే ఉన్నాడు. బస్సు, దిగి ఆటో, తర్వాత చెరువుల మధ్య మట్టిగట్టు. ఆ గట్టు మీద నడుస్తుంటే కాళ్ళు తేలిగ్గా ఉన్నాయి. ఇప్పుడన్నా వచ్చాను కదా అనిపించింది. ఆ అనుకోవడంలో కొంచెం గొప్ప కూడా ఉంది.

రేకుల పందిరి కింద పెద్దిరాజు గారు కుర్చీలో ఉన్నారు. పక్కన నీడలో మాణిక్యం, మూతికి తెల్లటి మందు రాసి ఉంది. ఎవరో పాలేరు బకెట్‌తో జావ పట్టబోతుంటే మొహం తిప్పేసుకుంటోంది. అవతల ట్రైలరు, తేనెరంగు లోపలనుంచి మెరుస్తూ.

నిలబడే చెప్పాడు బుల్లియ్య. పెద్దిరాజు గారు మధ్యలో అడ్డు రాకుండా విన్నారు.

"ఆ నూనె నా గదిలోనూ ఉందిగా? మరి నాకేం కాలేదే?"

"అది ముందుగా పట్టించిందండి, ఆరిపోయింది. గుర్రం గదిది ఆరలేదండి. ఇంకో నాలుగెండలు..."

"అంటే, తొందరపెట్టి తోలుకొచ్చింది నేను. తప్పు నాదంటావు."

పాలేరు బకెట్ కింద పెట్టాడు. పెద్దిరాజు గారు కాసేపు మాణిక్యం వంక చూశారు. ఆ కాసేపట్లో ఆయనకి సంగతి అర్థమైందనే బుల్లియ్య ఇప్పటికీ నమ్ముతాడు. అర్థమైంది కాబట్టే ఆ తర్వాత అలా చేశారు.

"వాణ్ణి తీసుకురండ్రా."

మోటారు షెడ్డు తాళం తీశారు. ఎజ్రా వెలుతురుకి మొహం అడ్డం పెట్టుకుంటూ వచ్చాడు. అడ్డం పెట్టుకున్న ఆ చేతి వేళ్ళు అరటికాయల్లా వాచి ఉన్నాయి, మడత పడటం లేదు. ఎడమకన్ను మూసుకుపోయింది. బుల్లియ్య ఒక అడుగు ముందుకేసి ఆగిపోయాడు.

"ఏం కలిపావురా దాణాలో?" అడిగారు పెద్దిరాజు గారు, మామూలు గొంతుతో.

"ఎలకల మందండి." పాఠం అప్పగించినట్టు వచ్చింది ఆ మాట.

"ఈ మేస్త్రి కాదంటున్నాడు. తను చెక్కకి రాసిన నూనె వల్ల అంటున్నాడు. ఏమంటావ్ మరి? మాట మారుస్తావా? మారిస్తే మార్చు. మళ్ళీ మొదట్నుంచీ అడుగుతారు మావాళ్ళు."

ఎజ్రా తల తిప్పి తెరుచుకున్న ఆ ఒక్క కంటితో బుల్లియ్యని చూశాడు. అందులో కృతజ్ఞత లేదు, కోపమూ లేదు. భయం, అదీ బుల్లియ్యని చూసే.

"నేనేనండి," అన్నాడు గబగబా. "మేస్త్రిగారికేం తెలుసండి? నేనే కలిపానండి. ఒప్పుకుంటే ఇవాళ వదిలేస్తానన్నారు కదండి, అయ్యగారూ. ఒప్పుకున్నాను కదండి."

"ఎందుకురా అబద్ధం?" అన్నాడు బుల్లియ్య. "నా నూనెరా అది!"

"కాదండి." ఎజ్రా ఆ వాచిన చేతులు జోడించబోయాడు. "దణ్ణం పెడతానండి మేస్త్రిగారూ. మీరు ఊరుకోండి."

"లేకపోతే ఇద్దరూ కలిసి చేశారా?" అన్నారు పెద్దిరాజు గారు. మోటారు షెడ్డు దగ్గర నిలబడ్డ ఇద్దరు మనుషులు కర్రలానించిన గోడ దగ్గర్నుంచి కదిలారు. "అదన్నా చెప్పండి. తీరిగ్గా తేలుద్దాం."

నిజం చెప్పడానికి ఇంత దూరం వచ్చాడు. ఆ నిజం ఇప్పుడు నోరు విప్పితే ఆ కుర్రాడి మీదే పడుతుంది. నిన్నయితే అది అతన్ని కాపాడేది. ఇవాళ దానికి ఆ శక్తి లేదు. మాణిక్యం ఎక్కడో పక్కన ముక్కుతో బుస్సుమంది.

"నేనే పొరబడ్డానండి," అన్నాడు. "ఆ నూనె వల్ల అలా కాదులెండి."

"అదీ మాట." పెద్దిరాజు గారు కుర్చీలో వెనక్కి వాలారు. "పోరా. మళ్ళీ ఈ గట్టు మీద కనిపించకు."

ఎజ్రా చెప్పులు వెతుక్కోలేదు. మాణిక్యం దగ్గరగా పోవాల్సి వచ్చినప్పుడు అది చెవులు నిక్కించి మెడ చాచింది. దాన్ని ముట్టుకోకుండా, చుట్టూ తిరిగి గట్టెక్కాడు. బుల్లియ్య వెనకే వెళ్ళాడు. చెరువుల్లో రొయ్యలకి గాలి పట్టే చక్రాలు తిరుగుతూ నీళ్ళు చిమ్ముతున్నాయి.

"మీకెప్పుడు తెలిసిందండి?" అని అడిగాడు ఎజ్రా, వెనక్కి తిరక్కుండానే.

అబద్ధం చెబుదామనుకున్నాడు బుల్లియ్య. "ఆదివారం," అన్నాడు.

ఎజ్రా నడుస్తూనే తలాడించాడు. "వాళ్ళు కొట్టింది సోమవారమండి."

తిట్టి ఉంటే బుల్లియ్య ఆ తిట్లన్నీ నెత్తిన పెట్టుకునేవాడు. తిట్టలేదు. రోడ్డు మీదికొచ్చాక ఆటో కోసం నిలబడ్డారు. భార్య సంగతి అడిగాడు బుల్లియ్య. కాన్పయిందట, పాపట. ఫోను వాళ్ళ దగ్గరే ఉండిపోతే వాళ్ళలోనే ఒకడు వచ్చి చెప్పాడట. బుల్లియ్య జేబులో ఉన్నదంతా తీసి చేతిలో పెట్టబోయాడు. ఆ వేళ్ళు మూసుకోవడం లేదు. చొక్కా జేబులో పెట్టాడు. ఎజ్రా వద్దనలేదు, తీసుకున్నట్టూ లేదు.

"ఆ నూనె ఆరేదాకా ఎన్నాళ్ళు పడుద్దండి?"

"నీడన పెడితే నెల కూడా పట్టొచ్చు."

"మూతి మానగానే దాన్ని మళ్ళీ అందులోకే ఎక్కిస్తారండి." ఆటో ఆగింది. ఎజ్రా మోచేతులతో పట్టుకుని ఎక్కి కూర్చున్నాడు. "కొత్తోడికి తెలీదండి, అది చెక్క కొరుకుద్దని. నా సంగతి అయిపోయిందిలెండి. మీరెళ్ళి ఆ చెక్క సంగతి చూడండి."

ఆటో వెళ్ళిపోయింది. బుల్లియ్య అక్కడే నిలబడ్డాడు. ఇంటికి పోయే బస్సు ఇదే రోడ్డు మీద వస్తుంది. వచ్చింది కూడా, హారను కొట్టుకుంటూ ముందునుంచి పోయింది. అతను గట్టు దిగి, వచ్చిన దారినే వెనక్కి నడిచాడు.

పందిరి వంక చూడకుండా తిన్నగా ట్రైలరెక్కాడు. తువ్వాలు ముక్కుకీ నోటికీ చుట్టుకున్నాడు. సంచిలోంచి చిత్రిక తీసి, తొట్టి అంచు మీద పెట్టి బరువంతా ఆనించి తోశాడు. జిగురుకి బ్లేడు పట్టేసింది. తుడిచి మళ్ళీ తోశాడు. తేనెరంగు పేళ్ళు పేళ్ళుగా లేచి కింద పడుతుంటే, అడుగునుంచి పనస మళ్ళీ పసుపుపచ్చగా బయటికొచ్చింది.

పెద్దిరాజు గారు పరుగెత్తుకొచ్చారు. వెనక మనుషులు. "ఏయ్! ఏంటది? నా బండి పాడుచేస్తావా? ఆపు! ఎవడు చెప్పాడయ్యా నీకు ఈ పని చెయ్యమని?"

"ఎజ్రా గారు చెప్పారండి," అన్నాడు బుల్లియ్య, చిత్రిక ఆపకుండా.